సైజు పెంచే ముందు లేసు విప్పండి

ప్రకాశం బ్యారేజీ మీద సగం గేట్లు దాటేసరికి నా ఎడమ కాలు మొద్దుబారేది. ప్రతిసారీ ఇంచుమించు అక్కడే. మొత్తం 70 గేట్లు కదా, ముప్ఫయ్యో ముప్ఫై అయిదో గేటు దగ్గరికి రాగానే బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందులో చిమచిమలాడటం మొదలై, అది మెల్లగా మీగాలంతా పాకి, ఇంకో నాలుగు నిమిషాలకి ఆ వేళ్ళు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. పిట్టగోడ పక్కన ఆగి, షూ విప్పి, వేళ్ళు నలుపుకుని, మళ్ళీ తొడుక్కుని సీతానగరం వైపు బయలుదేరేదాన్ని. మా ఇంట్లో నాన్నకి షుగర్ ఉంది కాబట్టి నాకూ మొదలైందేమోనని రెండు నెలలు టెన్షన్ పడి, చివరికి రక్త పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదు. నా కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. కారణం నేను లేసు కట్టుకునే పద్ధతి.

ఆ సంగతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మూడు జతల షూ డబ్బులు, ఒక గోరు, ఇంత భయం మిగిలేవి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కృష్ణలంక కట్ట మీద, స్టేడియంలో, గుంటూరులో నాన్న నడిచే గ్రౌండులో చూస్తుంటాను, పొద్దున్నే లేచి కష్టపడి పరిగెత్తేవాళ్ళలో చాలామంది కుంటుకుంటూ ఇంటికి వెళ్తున్నారు. అడిగితే వయసు అంటారు, మోకాలు అంటారు, "నా కాళ్ళకి షూ పడవండీ" అంటారు. షూ పడకపోవడమేమిటి, ఒక్కసారి కూర్చుని లేసు మొత్తం విప్పి చూసుకుంటే తేలిపోయే విషయాలు ఇందులో సగం ఉన్నాయి.

నా కథ ముందు చెప్తాను. పరుగు మొదలుపెట్టి మూడేళ్ళయింది, అప్పటికి నాకు ముప్ఫై తొమ్మిది. చెప్పులు అయిదో నంబరు వేసుకుంటాను కాబట్టి షూ కూడా అయిదే అడిగాను. బందరు రోడ్డులో ఒక షాపు, పగలు పదకొండింటికి వెళ్ళాను, కూర్చోబెట్టి తొడిగారు, ఆ అబ్బాయి బొటనవేలు దగ్గర నొక్కి చూసి "కరెక్టుగా సరిపోయింది మేడమ్" అన్నాడు. కరెక్టుగా సరిపోవడమే తప్పని అప్పుడు నాకు తెలీదు. చెప్పుకి ముందు గోడ ఉండదు, వేళ్ళు అంచు దాకా వచ్చినా ఏమీ కాదు. షూకి ముందు గోడ ఉంది. పరిగెత్తేటప్పుడు పాదం ప్రతి అడుగుకీ కొంచెం సాగుతుంది, వేడికి ఉబ్బుతుంది, దిగుడులో ముందుకి జారుతుంది. రెండు నెలలకి కుడి బొటనవేలి గోరు కింద రక్తం గడ్డకట్టి నేరేడు పండు రంగులోకి మారింది. తర్వాత ఆ గోరు ఊడింది. కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తగా రావడానికి ఏడాది పైనే పడుతుంది, నాకూ అంతే పట్టింది.

దెబ్బతిన్నాను కదా, రెండో జత ఏకంగా ఏడో నంబరు తీసుకున్నాను. వేళ్ళకి బోలెడు చోటు. కానీ మడమ పైకీ కిందికీ ఆడటం మొదలైంది. షూలో మడమ ఆడితే రెండు జరుగుతాయి. వెనక బొబ్బలు వస్తాయి, అవి చితికి మంటపెడతాయి. రెండోది, వెనక పట్టు లేదు కాబట్టి పాదం ముందుకు జారి పెద్ద షూలో కూడా వేళ్ళు ముందు గోడకి కొట్టుకుంటాయి. అంటే షూ పెద్దదైనా గోరు నల్లబడచ్చు, ఇది చాలామంది నమ్మరు. ఆ ఆడటం ఆపాలని లేసు పై రెండు కొసలు పట్టుకుని బలంకొద్దీ లాగి కట్టేదాన్ని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మడమ ఆగింది కానీ బ్యారేజీ మీద కాలు మొద్దుబారడం అక్కడే మొదలైంది.

మీగాలి మీద వేలు పెట్టి చూసుకోండి. చర్మం, దాని కిందే ఎముక. మధ్యలో కండ దాదాపు ఉండదు. వేళ్ళని పైకి లేపే నరాల్లాంటి తాళ్ళు అక్కడే వెళ్తాయి, వేళ్ళు ఎత్తి దించితే చర్మం కింద కదలడం కనిపిస్తుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య స్పర్శ తెలిసేలా చేసే నరం కూడా అక్కడినుంచే దిగుతుంది. లేసుని పైనుంచి గట్టిగా లాగినప్పుడు ఆ బిగువు షూ అంతటా సమానంగా పంచుకోదు, కన్నాల దగ్గర ఒరిపిడి వల్ల పై రెండు మూడు వరసల్లోనే ఆగిపోతుంది. కింద వరసలు వదులుగానే ఉంటాయి, పైన మాత్రం తాడుతో కట్టేసినట్టు అవుతుంది. సరిగ్గా ఆ నరం మీద. నాకు తిమ్మిరి ఆ సందులోనే ఎందుకు మొదలయ్యేదో ఇది అర్థమయ్యాక తెలిసింది.

మూడో జత ఆరో నంబరు, ఆడవాళ్ళ షూ. పొడవు బాగానే ఉంది, చిటికెన వేలు పక్కన కరవడం మొదలుపెట్టింది. అప్పటికి నాకు ఓపిక పోయింది. కొనడం ఆపి కొలవడం మొదలుపెట్టాను.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు, పది నిమిషాల పని. సాయంత్రం చేయాలి, పగలంతా నిలబడి తిరిగి పాదం ఉబ్బి ఉంటుంది కాబట్టి. ఒక తెల్ల కాగితం గచ్చు మీద గోడకి ఆనించి పెట్టి, మడమ గోడకి తగిలేలా దాని మీద నిలబడాలి, కూర్చోకూడదు, బరువంతా ఆ కాలి మీద ఉండాలి. ఇంకొకరు పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయాలి, మా ఇంట్లో మా చిన్నది గీసింది. అన్నిటికంటే పొడవైన వేలు దగ్గరి దాకా కొలవాలి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగుంటుంది, అలాంటివాళ్ళు షాపులో బొటనవేలు నొక్కి చూసి తీసుకుంటే మోసపోతారు. నా ఎడమ పాదం 239 మిల్లీమీటర్లు, కుడి పాదం 243. వేళ్ళ మొదట్లో, పాదం బాగా వెడల్పుగా ఉన్న చోట 98.

ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా చిన్నదేమీ కాదు. మన షాపుల్లో ఉండే యూకే సైజుల్లో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండులో పూర్వం బార్లీ గింజ పొడవుని కొలతగా వాడేవారు, మూడు గింజలు ఒక అంగుళం, ఆ లెక్కే ఇప్పటికీ మన షూ డబ్బా మీద ఉంది. అర నంబరు అంటే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. నా రెండు కాళ్ళకీ మధ్య అర నంబరు తేడా ఉందన్నమాట. నల్లబడిన గోరు కుడి కాలిదే, పెద్ద కాలిది. మొద్దుబారేది ఎడమ కాలు, చిన్న కాలు, ఎందుకంటే అది షూలో ఎక్కువ ఆడేది కాబట్టి దాన్నే ఎక్కువ బిగించేదాన్ని. కాగితం మీద ఆ రెండు గీతలు పక్కపక్కన చూసినప్పుడు మూడేళ్ళ బాధ మొత్తం అక్కడ గీసి ఉన్నట్టు అనిపించింది. షూ ఎప్పుడూ పెద్ద కాలికి సరిపోయేది తీసుకోవాలి, చిన్న కాలి సంగతి లేసు చూసుకుంటుంది.

ఇక వెడల్పు. మనకి సైజు అంటే పొడవే. కానీ షూ తయారుచేసేవాళ్ళకి వెడల్పు కూడా వేరే కొలత, దానికి ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. మామూలుగా ఆడవాళ్ళ షూ బి వెడల్పులో, మగవాళ్ళ షూ డి వెడల్పులో వస్తుంది. ఇంకా వెడల్పు కావాలంటే మగవాళ్ళకి 2ఈ, 4ఈ అని ఉంటాయి. నంబరు పెంచితే పొడవుతో పాటు వెడల్పు కూడా కొద్దిగా పెరుగుతుంది, అందుకే పక్కలు కరుస్తున్నాయని మనం ఒక నంబరు పెద్దది తీసుకుంటాం, వెడల్పు కొంచెం వస్తుంది, దాంతోపాటు అక్కర్లేని పొడవు, ఆ పొడవుతో మడమ ఆడటం, మళ్ళీ లేసు బిగించడం. ఈ చక్రంలోనే నేను తిరిగాను.

మన పాదాలు వెడల్పు. ఇది నా ఒక్కదాని మాట కాదు. చెన్నైలోని సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా జనం పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచారు. యూరప్, అమెరికా వాళ్ళ పాదాలకంటే మనవి వెడల్పని తేలింది, ఆ కొలతల మీదే మనకంటూ 'భా' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. చిన్నప్పటినుంచీ హవాయి చెప్పులు, లేకపోతే ఉత్త కాళ్ళు, మన వేళ్ళు పరుచుకునే పెరుగుతాయి. వాటిని తీసుకెళ్ళి సన్నటి మూసలో పెడితే అవి ఊరుకుంటాయా?

నాలుగో జతకి మగవాళ్ళ షూ పెట్టే అరల దగ్గరికి వెళ్ళాను. యూకే నంబర్లలో ఆడవాళ్ళ ఆరుకీ మగవాళ్ళ ఆరుకీ పొడవు ఇంచుమించు ఒకటే, వెడల్పు మాత్రం ఎక్కువ. రంగు నలుపు, బూడిద తప్ప ఏమీ లేదు, నాకేం ఫర్వాలేదు. షాపతను ముందు ఒప్పుకోలేదు, "అవి జెంట్స్‌వి మేడమ్" అని రెండుసార్లు అన్నాడు. నేను లోపలి మెత్తని అట్టని, అదే ఇన్‌సోల్‌ని బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడ్డాను. ఇది కొనేముందు అందరూ చేయదగ్గ పని. పాదం అంచు ఇన్‌సోల్ దాటి బయటికి పొర్లుతోందంటే ఆ షూ మీకు ఇరుకు, ఎంత మెత్తగా ఉన్నా సరే. వేళ్ళ ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, అదీ నిలబడి ఉన్నప్పుడు. ఆ ఖాళీ లేకపోతే షాపులో ఎంత హాయిగా అనిపించినా వదిలేయండి. "వాడగా వాడగా సాగుతుంది మేడమ్" అనే మాట నమ్మకండి, పక్కల గుడ్డ కాస్త సాగితే సాగుతుందేమో, పొడవు సాగదు.

ఇక్కడిదాకా సరైన షూ కొనడం. కానీ చాలామంది దగ్గర ఇప్పటికే షూ ఉంది, వేలు పోసి కొన్నది, పారేయలేరు. వాళ్ళకోసమే లేసు సంగతి.

మన ఇళ్ళలో ఒక అలవాటుంది. గుమ్మం దగ్గర షూ విడవాలి. గుడికెళ్తే విడవాలి, ఎవరింటికెళ్ళినా విడవాలి, రోజుకి నాలుగైదుసార్లు. ఆ అలవాటు మంచిదే, నేను మానమనను. కానీ దానివల్ల మనం షాపులో మొదటిరోజు కట్టిన ముడిని ఇక విప్పం. పాదం దూరేంత వదులుగా ఉంచేసి, మడమతో వెనక భాగాన్ని తొక్కి, చెప్పులా తొడుక్కుంటాం. అలా తొక్కితే మడమని పట్టుకునే వెనక గట్టి భాగం కొన్ని నెలల్లోనే నలిగిపోతుంది. అది నలిగాక ఏ లేసూ మడమని ఆపలేదు. గవర్నర్‌పేటలో చెట్టు కింద కూర్చునే చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి నా ఏడో నంబరు జత తీసుకెళ్ళాను, లోపల మడమ దగ్గర గుడ్డ చిరిగి స్పాంజి బయటికొచ్చింది.

"బాబాయ్, కొత్త షూ అప్పుడే చిరిగిపోయింది, నాసిరకం ఏమో చూడండి" అన్నాను.

ఆయన షూ లోపల చెయ్యి పెట్టి, వెనక భాగం బొటనవేలితో నొక్కి, లేసు ముడి వైపు చూశాడు. "నాసిరకం కాదమ్మా. విప్పకుండా తొక్కి వేసుకుంటున్నావు. లోపల మడమ ఆడతా ఉంది, ఆడితే గుడ్డ అరక్కేం చేస్తది" అన్నాడు. పాత బ్యాగు తోలు ముక్క మెత్తనిది ఒకటి కోసి, లోపల అతికించి, చుట్టూ కుట్టి అరవై రూపాయలు తీసుకున్నాడు. ఏ షాపులోనూ నాకు ఇంత సరైన మాట చెప్పలేదు.

సరే, లేసు కట్టడం. ముందు మొత్తం వదులు చేయండి, పైన ఒక్క ముడి విప్పడం చాలదు, కింది వరస దాకా వేలు పెట్టి లాగి వదులు చేయాలి. పాదం పెట్టాక మడమని నేలకి రెండుసార్లు తట్టండి, మడమ వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. ఇది లేకుండా ఎంత కట్టినా వృథా. తర్వాత కింది వరసనుంచి పైకి ఒక్కో వరస బిగించుకుంటూ రండి. వేళ్ళ దగ్గర వదులు, మధ్యలో పాదాన్ని పట్టుకున్నట్టు, చీలమండ దగ్గర గట్టిగా. లేసు కింద ఒక వేలు దూరగలగాలి. ఇంతమాత్రానికే నా తిమ్మిరి సగం తగ్గింది.

మిగతా సగం తగ్గించింది చివరి కన్నం. మీ షూ తీసి చూడండి, అన్నిటికంటే పైన, చీలమండకి దగ్గరగా, మిగతా వరసకి కొంచెం వెనక్కి జరిగి ఇంకో కన్నం ఉంటుంది. చాలా షూలలో అది ఖాళీగా వస్తుంది, మనం దాన్ని పట్టించుకోం. అది మడమ కోసం పెట్టింది. కుడివైపు లేసుని అడ్డంగా దాటించకుండా, అదే కుడివైపున ఉన్న ఆ చివరి కన్నంలోకి బయటినుంచి లోపలికి దూర్చండి, పూర్తిగా లాగేయకుండా చిటికెన వేలు పట్టేంత ఉచ్చు బయట వదలండి. ఎడమవైపు కూడా అలాగే. ఇప్పుడు చెవుల్లా రెండు ఉచ్చులు కనిపిస్తాయి. కుడి లేసు కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, రెండు కొసలనీ పక్కలకి, కొంచెం కిందికి లాగండి. పైకి లాగకండి. లాగుతుంటే షూ మెడ చీలమండ చుట్టూ దగ్గరికి రావడం, మడమ వెనక్కి వెళ్ళడం మీకే తెలుస్తుంది. అప్పుడు మామూలు ముడి వేయండి. దీనికి లేసు కొంచెం ఎక్కువ పడుతుంది, కొసలు చాలకపోతే పొడుగు లేసు ఒక జత కొనుక్కోండి, బీసెంట్ రోడ్డులో యాభై రూపాయలకి దొరికింది నాకు. ఇలా కట్టాక మీగాలి మీద బిగించాల్సిన అవసరమే ఉండదు, పట్టంతా చీలమండ దగ్గర దొరుకుతుంది. మొదటిరోజు ఇలా కట్టుకుని బ్యారేజీ ఎక్కినప్పుడు ముప్ఫై అయిదో గేటు దాటాను, యాభయ్యో గేటు దాటాను, అవతలి గట్టుకి చేరాను, వేళ్ళు పదీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. సీతానగరంలో ఆగి ఊరికే నిలబడ్డాను కాసేపు.

మీగాలి ఎముక ఎత్తుగా ఉన్నవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. మా వదినకి పాదం మధ్యలో ఎముక బాగా పైకి ఉంటుంది, ఏ షూ వేసినా అక్కడ ఎర్రగా కమిలిపోయేది. నొప్పి పెట్టే చోట లేసుని ఇంటూ మార్కులా దాటించకుండా, ఏ వైపు లేసుని ఆ వైపే నిలువుగా పై కన్నంలోకి తీసుకెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ మామూలుగా దాటించాలి. అంటే సరిగ్గా ఆ ఎముక మీద లేసు ఉండదు, చిన్న కిటికీలా ఖాళీ ఉంటుంది. ఎక్కడ వదలాలో తెలియాలంటే పల్చటి సాక్సు తొడిగి, కమిలిన చోట దాని పైన లిప్‌స్టిక్ రాసి షూలో పాదం పెట్టి నొక్కితే, లేసు కింద ఉండే షూ నాలుక లోపలి వైపు మచ్చ అంటుకుంటుంది. వదిన ఈ చిట్కా తనే కనిపెట్టింది, బాగా పనిచేసింది. చిటికెన వేలు వైపు ఇరుకుగా ఉంటే మొదటి ఒకటి రెండు వరసల్లో కూడా ఇంటూ మార్కు మానేసి ఇలాగే నిలువుగా తీసుకుపోవచ్చు, ముందు భాగం పరుచుకుంటుంది. నల్ల గోరుకని లేసు ఒక కొసని బొటనవేలి దగ్గరినుంచి ఏటవాలుగా పై కన్నం దాకా లాగే పద్ధతి కూడా ఉంది. నేను చేసి చూశాను, నాకు నచ్చలేదు, మిగతా లేసు పట్టంతా పోతుంది. మడమ ఆగితే గోరు దానంతటదే బాగుంటుంది.

బిగించి కట్టడమే తప్పనుకోకండి. జర్మనీలో పరుగెత్తేవాళ్ళ మీద రకరకాల లేసు పద్ధతులు పెట్టి చూసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. ఏడు కన్నాలూ వాడి గట్టిగా కట్టినప్పుడు పాదం నేలకి తగిలే అదురు నెమ్మదిగా ఎక్కుతుందనీ, పాదం లోపలికి ఒరిగే వేగం తగ్గుతుందనీ చూశారు. పాదం, షూ ఒకటిగా కదలాలి. ఆ పట్టు ఎక్కడ ఉండాలన్నదే అసలు విషయం, మీగాలి నరం మీద మాత్రం ఉండకూడదు.

ముడి ఊడిపోవడం గురించి కూడా రెండు మాటలు. కట్ట మీద మాతో వచ్చే ఒక అక్కకి ప్రతి కిలోమీటరుకీ ముడి ఊడేది, రెండు ముడులు వేసేది, అవి చెమటకి తడిసి పీటముడి పడి ఇంటికెళ్ళాక విప్పలేక కత్తెర పెట్టేది. "అక్కా, ముడి వేసి ఒకసారి చూడండి, ఆ రెండు రెక్కలు ఎటు ఉన్నాయి?" అన్నాను. రెక్కలు షూ పొడవునా నిలువుగా పడుకుని ఉన్నాయి, ఒకటి వేళ్ళ వైపు, ఒకటి కాలి వైపు. అలా ఉంటే ముడి తప్పు. రెక్కలు షూకి అడ్డంగా, ఎడమకీ కుడికీ ఉండాలి. మొదట వేసే సగం ముడిలో కుడి కొసని ఎడమ కొస మీదుగా తెస్తున్నారనుకోండి, దాన్ని ఎడమని కుడి మీదుగా మార్చండి, మిగతాదంతా మీ అలవాటు ప్రకారమే. అంతే. అక్క వయసు యాభై ఆరు, యాభై ఏళ్ళుగా తప్పు ముడి వేస్తున్నానా అని ఆశ్చర్యపోయింది, ఆరోజునుంచి ఊడలేదు. ముడి ఎందుకు ఊడుతుందో 2017లో అమెరికాలో బర్క్లీ యూనివర్సిటీ ఇంజనీర్లు కెమెరాలు పెట్టి చూశారు. పాదం నేలని కొట్టినప్పుడు ముడి మీద పడే దెబ్బ భూమ్యాకర్షణకి ఏడు రెట్లు ఉంటుందట, ఆ దెబ్బకి ముడి కొంచెం కొంచెం వదులై, ఊగే కొసలు దాన్ని లాగేస్తాయి. తప్పు ముడి సరైన ముడి కన్నా త్వరగా ఊడుతుందని కూడా వాళ్ళే తేల్చారు. గుండ్రటి లేసు కన్నా బల్లపరుపు లేసు బాగా ఆగుతుంది, ఇది నా అనుభవం.

మన ఊరి ఎండ గురించి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆరున్నరకే చొక్కా తడిసిపోతుంది. అయిదో కిలోమీటరుకి పాదం ఉబ్బుతుంది, ఇంటి దగ్గర సరిపోయిన బిగువు అప్పటికి ఎక్కువవుతుంది. ఆగి ఒక వరస వదులు చేసుకోవడానికి మొహమాటపడకండి. నూలు సాక్సులు చెమట పీల్చి అలాగే పట్టుకుంటాయి, తడి చర్మం తొందరగా బొబ్బలెక్కుతుంది. పాలియెస్టర్ కలిసిన పల్చటి సాక్సులు నయం.

ఇవన్నీ చేసినా తిమ్మిరి తగ్గకపోతే, షూ విప్పాక కూడా ఉంటే, రాత్రి పడుకున్నప్పుడు వస్తుంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది లేసుతో పోయేది కాదు.

నాన్న సంగతి చెప్పి ఆపుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, డెబ్భై ఒకటి, పన్నెండేళ్ళుగా షుగర్. రోజూ బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియందాకా వెళ్ళి నాలుగు రౌండ్లు నడుస్తారు. నేను చెప్పినవన్నీ నొప్పి తెలిసేవాళ్ళకి. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకి పాదంలో స్పర్శ తగ్గుతుంది, షూ కరిచినా తెలియదు, బొబ్బ చితికినా తెలియదు, చిన్న పుండు పెద్దదయ్యేదాకా కనిపించదు. పోయిన నెల వెళ్ళినప్పుడు ఆయన సాక్సు విప్పితే కుడి మడమ వెనక రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి ఉంది.

"నాన్నా, ఇది ఎప్పటినుంచి ఉంది?"

"ఏది? నాకేం నొప్పి లేదే అమ్మాయ్."

షూ చూశాను. ముడి గట్టిగా, దుమ్ముపట్టి, మొదటిరోజు కట్టిందే. వెనక భాగం నలిగి లోపలికి మడతపడి, ఆ మడత అంచు సరిగ్గా పుండు ఉన్న చోట. ఆ సాయంత్రమే డాక్టరుకి చూపించాం, తర్వాత ఆయన పాదం కాగితం మీద గీశాను. ఇన్నాళ్ళూ ఎనిమిది వేసుకుంటున్నారు, పొడవు ఏడే, వెడల్పు మాత్రం 2ఈ కావాలి. పుండు పూర్తిగా మానేదాకా నడక ఆపించి, అప్పుడు కొత్తవి తీసుకున్నాం. వంగి ముడి వేసుకోవడం ఆయనకి కష్టం, అందుకని గుమ్మం పక్కన ఒక ఎత్తు పీట వేయించాను, దాని మీద కూర్చుని కాలు మోకాలి మీద పెట్టుకుని విప్పుకోవచ్చు. రోజూ రాత్రి అమ్మ ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు లైటు వేసి చూస్తోంది.

నిన్న ఫోన్ చేస్తే, "విప్పే తొడుక్కున్నానమ్మా, కావాలంటే మీ అమ్మనడుగు" అన్నారు. ఆదివారం గుంటూరు వెళ్తున్నాను. వెళ్ళగానే ముందు గుమ్మంలో ఆగి ఆ షూ వెనక భాగం నొక్కి చూస్తాను.